మాల తీసిన మర్నాటి నుంచి తోడెవరు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. ఆ 41 రోజులూ చుక్క ముట్టను. సంక్రాంతికి పందెం బరి దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఈ ఏడు పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణుకుతున్నాయి. తాగుడు మానినవాళ్లు పెట్టుకునే మీటింగులు కాకినాడలో ఉంటాయని మా బావమరిది అంటున్నాడు. అక్కడ తెలిసినవాళ్లు కనబడితే నా పరువేం కాను? అన్నంలో కలిపే పొడేదో ఉందని మా ఆవిడ అంటోంది.

జవాబు: ముందు ఆ చేతుల వణుకు సంగతి చూడాలి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనబడుతున్నాయని కేకలు పెట్టే స్థితీ రావచ్చు. ప్రాణం మీదికొచ్చే వ్యవహారం ఇది. ‘మాల వేసుకున్నప్పుడు ఏమీ కాలేదుగా’ అనుకోకండి, ఇన్నేళ్లూ లేని పొద్దుటి వణుకు ఇప్పుడొచ్చింది. మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కొన్ని రోజులు మందులు, బి1 విటమిన్ ఇచ్చి, అవసరమైతే చేర్చుకుని మాన్పిస్తారు. రోజుకు ఎంత తాగుతున్నారో అక్కడ నిజం చెప్పండి. డాక్టరు అడగ్గానే సగానికి సగం తగ్గించి చెప్పే అలవాటు మనవాళ్లకు ఉంది. చికిత్స ఎలా చేయాలో ఆ లెక్క చూసే తేలుస్తారు.

పొడి మాట వదిలేయమని మీ ఆవిడకు చెప్పండి. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది వాడే మనిషికి తెలిసి, ఒప్పుకుని వాడాల్సింది. చెప్పకుండా కలిపి పెడితే, ఆ మీద మందు తాగిన మనిషికి బీపీ పడిపోయి ప్రమాదం. పేరూ ఊరూ లేని పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియాలి.

ఇక మీటింగులు. మాలలో మిమ్మల్ని ఆపింది భక్తి అంటారు, కాదనను. కానీ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి మీతోపాటు నలుగురు లేస్తారు కదా. సాయంత్రం ఏడింటికి, మామూలుగా సీసా తీసే వేళకు, పీఠం దగ్గర భజనలో ఉంటారు. పాత బ్యాచ్ కూడా ‘స్వామీ’ అని పలకరిస్తుందే తప్ప గ్లాసు చేతికివ్వదు. మాల తీశాక ఆ నలుగురూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. మీకు కరువైంది ఆ తోడే. అది ఏడాది పొడవునా దొరికే చోటు ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. 1935లో అమెరికాలో తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు.

అందులో చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి చాలు. ఫీజు లేదు. ఖర్చులకు చివర్లో సంచి తిప్పుతారు, వేయకపోయినా ఎవరూ ఏమనరు. గంటో గంటన్నరో కూర్చుంటారు. ఒక్కొక్కరూ పేరు మాత్రం చెప్పి, తాము ఎలా తాగారో, ఎలా ఆపారో చెప్పుకుంటారు. ఊరు, ఇంటిపేరు అడగరు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఈరోజుకు వింటానండీ’ అంటే సరిపోతుంది. తెలిసినవాడు కనబడతాడంటారా? వాడూ తాగుడు మానడానికే వచ్చుంటాడు. అయినా బరి దగ్గర మీరు తూలుతుంటే చూసిన జనంలో పదో వంతు కూడా ఆ గదిలో ఉండరు.

మీటింగు చర్చి హాల్లోనో స్కూలు గదిలోనో ఉంటే కంగారు పడకండి. ఖాళీ గది ఎక్కడ దొరికితే అక్కడ పెట్టుకుంటారు, ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు. ఒక్కసారికే ‘నాకు పడలేదు’ అని తేల్చేయకండి. కనీసం ఐదారుసార్లు వెళ్లి చూడండి. అయ్యాక గబుక్కున లేచి రాకుండా ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. సాయంత్రం మనసు లాగినప్పుడు, సీసా మూత తీయకముందే, వాళ్లకు ఫోన్ చేయాలి. సిగ్గుపడకండి, వాళ్లూ అలా చేసినవాళ్లే.

ఎక్కడ, ఏ రోజున అన్నది ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లోని నంబర్లకు ఫోన్ చేసి కనుక్కోండి. తెలుగులో ఆన్‌లైన్ మీటింగులు ఏ వేళల్లో ఉన్నాయో కూడా అప్పుడే అడగండి. ఆసుపత్రి మానసిక విభాగంలో అడిగినా దారి చెబుతారు. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోనప్పుడు టెలీమానస్ 14416, తెలుగులో, రాత్రీ పగలూ పలుకుతుంది. మీ ఆవిడ ఓపెన్ మీటింగుకు, అంటే తాగుడు సమస్య లేనివాళ్లనూ రానిచ్చే మీటింగుకు, మీతో రావచ్చు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే ఉంది, ఆవిడ బాధ చెప్పుకోవడానికి అదే సరైన చోటు. కోనసీమలో మీకు దగ్గర్లో ఏదీ లేకపోతే, కొన్నాళ్లు మానిన తర్వాత మీరే ఒకటి పెట్టవచ్చు. ఏఏ పద్ధతిలో ఇద్దరుంటే గ్రూపే.

ఒక్క జాగ్రత్త. కాకినాడ వెళ్లాలంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా పోవాలి. అక్కడ మందు ఎంత చవకో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదట్లో బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లండి, రానూపోనూ. లేదంటే రాజమండ్రిలో మీటింగు ఉందేమో కనుక్కుని, రావులపాలెం మీదుగా వెళ్లండి. దూరమైనా ఆ దారే మేలు.