‘ద ఫ్లాష్’ టైమ్ ట్రావెల్: ఎడ్డీ చావుకి లెక్క ఎక్కడ?

‘ద ఫ్లాష్’ అంటే మెరుపు వేగంతో పరిగెత్తి, కాలంలో వెనక్కి కూడా వెళ్ళగలిగే బ్యారీ ఆలెన్ కథ, అమెరికన్ టీవీ సిరీస్. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మొదటి సీజన్ చివర పోలీసు ఎడ్డీ థాన్ తనను తానే కాల్చుకుని చనిపోయాడు. వంశం అక్కడితో ఆగిపోయింది కాబట్టి భవిష్యత్తులో అతని వారసుడు, విలన్ ఇయోబార్డ్ థాన్ పుట్టనే పుట్టడు. మరి రెండో సీజన్‌లో మళ్ళీ ఎలా వచ్చాడు? పుట్టనివాడు బ్యారీ తల్లిని ఎలా చంపాడు? ఇంత పెద్ద ప్లాట్ హోల్ ఉన్న సిరీస్‌ని మంచి టైమ్ ట్రావెల్ కథ అని ఎలా అంటారు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. థాన్ తిరిగి రావడానికి సిరీస్‌లోనే ఒక కారణం చెప్పారు, దానితో సరిపెట్టుకోవచ్చు. అయినా మీ కోపం న్యాయమైనదే. ఆ కోపం పుట్టింది మాత్రం పారడాక్స్ వల్ల, అంటే ఆ కాలపు చిక్కుముడి వల్ల కాదని నా నమ్మకం. అది వివరించాలంటే 2014 అక్టోబరు నుంచి మొదలుపెట్టాలి.

ఫ్లాష్ మొదటి ఎపిసోడ్ అమెరికాలో ప్రసారమైంది 2014 అక్టోబరు 7న. హుద్‌హుద్ తుఫాను మా విశాఖలో తీరం దాటింది అక్టోబరు 12న. ఆ మధ్యలో, శుక్రవారం రాత్రి, మా బావ ఎవరి దగ్గరో హార్డ్‌డిస్క్‌లో ఆ ఎపిసోడ్ ఎక్కించుకుని ఎంవీపీ కాలనీలో ఉన్న మా ఇంటికి వచ్చాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, వాళ్ళది గాజువాక. ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూశాం. అందులో విలన్ సుడిగాలి పుట్టిస్తాడు, బ్యారీ దానికి ఎదురు దిశలో చుట్టూ పరిగెత్తి విప్పేస్తాడు. ఆదివారం పొద్దున్నకి మా కిటికీ తలుపులు ఊగడం మొదలైంది. గాలిని ఎదురు పరుగుతో ఎవరూ విప్పలేరని ఆ రోజు మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసింది.

ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. బావ మా ఇంట్లోనే ఉండిపోయాడు. పగలంతా పాల కోసం, నీళ్ళ కోసం క్యూలు, రాత్రి డాబా మీద చీకటి. ఊరంతా దీపం లేకపోవడంతో బీచ్ వైపు నుంచి అలల చప్పుడు తెలిసేది. మా ఇద్దరి దగ్గరా మాట్లాడుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క ఎపిసోడ్. దాని చివరి సీన్ మీకు గుర్తుండే ఉంటుంది. చక్రాల కుర్చీలో ఉండే శాస్త్రవేత్త, బ్యారీకి సాయపడే హారిసన్ వెల్స్ ఒంటరిగా ఒక రహస్య గదిలోకి వెళ్ళి, లేచి నిలబడి, తెర మీద ఒక పేపర్ చూస్తాడు. దాని మీద తేదీ 2024 ఏప్రిల్ 25. ఫ్లాష్ కనబడకుండా పోయాడని వార్త.

బావ నా పాత రికార్డు పుస్తకం వెనక పేజీల్లో కొవ్వొత్తి వెలుగులో టైమ్‌లైన్ గీశాడు. పైన ఒక గీత, కింద ఒక గీత, మధ్యలో బాణాలు. వెల్స్ భవిష్యత్తు నుంచి వచ్చాడన్నది బావ వాదన. ముసలివాడైన బ్యారీయే వెల్స్ అన్నది నా వాదన. చివరికి బావే గెలిచాడు, వెల్స్ వేషంలో ఉన్నది భవిష్యత్తు నుంచి వచ్చిన ఇయోబార్డ్ థానే. కామిక్స్ చదివినవాళ్ళయితే ఎడ్డీ ఇంటిపేరు వినగానే అతన్ని అనుమానించారు కానీ, మేం ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. మా బొమ్మలో బ్యారీ, వెల్స్, పేపర్, తల్లి హత్య, అంతే.

తుఫానులో బావ బండి కూడా పోయింది. మా గేటు దగ్గర వేపచెట్టు కింద పెట్టాడు. కొమ్మ విరిగి బండి మీద పడి ట్యాంకు నొక్కుకుపోయింది. “ఒక్క రోజు వెనక్కి వెళ్తే చాలురా, బండి లోపల పెట్టుకుంటాను” అని ఆ వారమంతా అంటూనే ఉన్నాడు. నాన్నగారు మాత్రం విరిగిన చోటు చూపించి, బండి అడ్డం లేకపోతే ఆ కొమ్మ జారి పక్కింటి రేకుల గది మీద పడేదని అనేవారు. ఆ గదిలో ఆ రోజు నలుగురు ఉన్నారు.

ఇంతా ఎందుకు చెప్తున్నానంటే, 2015 మార్చిలో వచ్చిన పదిహేనో ఎపిసోడ్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. బ్యారీ ఊరు సెంట్రల్ సిటీ మీదకి, విలన్ మార్డన్ పుట్టించిన గోడలాంటి అల సముద్రం నుంచి వస్తుంది. దాన్ని ఆపడానికి బ్యారీ ఒడ్డున అటూ ఇటూ పరిగెత్తి గాలిగోడ కట్టబోతాడు. ఆ వేగానికి ఒక రోజు వెనక్కి వెళ్ళిపోతాడు. హుద్‌హుద్ అయి ఐదు నెలలు. కైలాసగిరి మీద ఎండిన మోడులు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ అల వస్తుంటే మా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

ఎపిసోడ్ అయ్యాక బావ మండిపడ్డాడు. “ఇది మోసం. అంతకుముందు ఐదు నిమిషాల్లో బ్యారీ జట్టులో ఉన్న సిస్కో గుండెల్లోకి వెల్స్ చెయ్యి పోనిచ్చి చంపాడు. బ్యారీ ప్రేమించే ఐరిస్ అతనికి తన మనసులో మాట బయటపెట్టింది. ఇప్పుడు అవన్నీ చెరిపేస్తే మనం ఏడ్చిన ఏడుపు దేనికి?” ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. పదహారో ఎపిసోడ్ చూశాకే దొరికింది. వెల్స్ బ్యారీని ముందే హెచ్చరిస్తాడు, ఒక ఆపద తప్పిస్తే కాలం దాని స్థానంలో ఇంకోటి, బహుశా అంతకన్నా పెద్దది, తెచ్చిపెడుతుందని. బ్యారీ వినడు. అల రాకముందే మార్డన్‌ని పట్టేస్తాడు. ఊరు నిలబడింది కానీ ఇంకో విలన్ స్నార్ట్ సిస్కోని ఎత్తుకుపోయి, అన్న డాంటేని అతని కళ్ళముందే హింసించి, ఫ్లాష్ ఎవరో చెప్పించేస్తాడు. ముందు రోజు ఒప్పుకున్న ఐరిస్ ఈసారి కాదంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, సిస్కోకి తర్వాత కలలు రావడం. చెరిగిపోయిన ఆ రోజు తన చావు అతనికి కలలో కనబడుతుంది. ఆ కలే వెల్స్‌ని పట్టిస్తుంది.

బావకి ఒకటే చెప్పాను. టైమ్‌లైన్ చెరిపినా పరవాలేదు, చెరిగింది ఎవరో ఒకరికి గుర్తుండాలి, చెరిపినవాడికి ఏదో ఒకటి ఖర్చవ్వాలి. ఈ రెండూ ఉంటే నేను కథని నమ్ముతాను. మీ ప్రశ్నకీ నేను పట్టుకున్న కొలత ఇదే.

మేలో ఫినాలే వచ్చింది. అది చూసేటప్పుడు అమ్మ హాల్లోనే కింద కూర్చుని గోంగూర ఆకు గిల్లుతోంది. ఇంగ్లీషు మాటలు ఆమెకి అర్థం కావు, నేను మధ్యమధ్యలో చెప్తున్నాను. బ్యారీ 2000వ సంవత్సరంలో, తల్లి హత్య జరిగిన ఆ రాత్రికి వెళ్తాడు. తలుపు కొద్దిగా తెరిచి చూస్తాడు. లోపల పోరాడుతున్న భవిష్యత్తు ఫ్లాష్ వద్దని సైగ చేస్తాడు. బ్యారీ ఆగిపోతాడు.

“ఏట్రా, తలుపు దాకా వచ్చి నిలబడిపోయాడు?” అంది అమ్మ.

“తల్లిని కాపాడితే తర్వాత జరిగినవన్నీ మారిపోతాయమ్మా. అతను ఆ పోలీసాయన జో ఇంట్లో పెరగడు.”

“ఇందాక వెళ్ళమని చెప్పింది ఆయనేగా?”

అవును, ఆయనే. జైల్లో ఉన్న కన్నతండ్రి హెన్రీ వద్దంటాడు. పెంచిన జో మాత్రం వెళ్ళి మీ అమ్మని కాపాడుకోమంటాడు. అమ్మ ఆకు గిల్లడం ఆపేసింది. “పెంచిన పిల్లాడు తనకి లేకుండా పోతాడని తెలిసే వెళ్ళమన్నాడా?” అని అడిగి, తర్వాత బ్యారీ ముసుగు తీసి చనిపోతున్న తల్లి పక్కన కూర్చున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ఎవరికి ఏం ఖర్చవుతోందో అమ్మ పట్టేసింది. టైమ్ ట్రావెల్ అనే మాట ఆమెకి తెలియకపోయినా ఆ సీన్‌లో లాజిక్ మొత్తం ఆమెకి అందింది.

ఇక ఎడ్డీ దగ్గరికి వద్దాం. అతన్ని ఇయోబార్డ్ థాన్ బంధించి ఆ 2024 పేపరే చూపిస్తాడు. వార్త రాసినవారి పేరు ఐరిస్ వెస్ట్-ఆలెన్. అంటే ఎడ్డీ ప్రేమించిన ఐరిస్ అతని భార్య కాబోదు, బ్యారీ భార్య అవుతుంది. థాన్ వంశంలో చరిత్రలో ఎవరూ గుర్తుపెట్టుకోనివాడివి నువ్వేనని కూడా మొహం మీదే అంటాడు. అంత అవమానం విన్న మనిషి చివరికి తుపాకీ తన వైపు తిప్పుకున్నాడు. చేతిలో ఏ శక్తీ లేనివాడు, వేగం లేనివాడు, విధి నీకేమీ రాసిపెట్టలేదని విన్నవాడు, తన ప్రాణం ఇచ్చి అందరినీ కాపాడాడు. మొదటి సీజన్ మొత్తంలో నాకు అంతకన్నా పెద్ద వీరుడు లేడు.

రెండో సీజన్ పదకొండో ఎపిసోడ్‌లో థాన్ తిరిగొచ్చాడు. సిరీస్ చెప్పిన కారణం ఇది: ఇతను ఎడ్డీ చావుకి ముందు, థాన్ సొంత జీవితంలో ఇంకా ముందు రోజుల నుంచి వచ్చినవాడు. చెరిగిపోకుండా స్పీడ్ ఫోర్స్, అంటే వాళ్ళ వేగానికి మూలమైన శక్తి, నిలబెట్టిన ‘టైమ్ రెమ్నెంట్’, అంటే కాలంలో మిగిలిపోయిన ముక్క. బావకి ఇది సరిపోయింది. కొత్త రంగు పెన్నుతో ఇంకో బాణం గీసి, ఇప్పుడు బొమ్మ కలిసిందన్నాడు. నాకు మాత్రం అప్పుడే మనసు విరిగింది. పారడాక్స్‌ని ఒక్క డైలాగ్‌తో అతికించవచ్చు. ఎడ్డీ కాల్చుకున్న తూటాని ఏ డైలాగ్‌తో అతికిస్తారు? ఆ ఎపిసోడ్‌లో ఎవరైనా ఒక్కరు, “మరి ఎడ్డీ ఎందుకు చచ్చిపోయినట్టు?” అని గట్టిగా అడిగి ఏడ్చి ఉంటే నేను వంద ప్లాట్ హోల్స్ క్షమించేవాణ్ణి. మీ కోపానికి మూలం ఇదేనని నా ఉద్దేశం. మీరు దాన్ని లాజిక్ ప్రశ్నగా అడిగారు, కానీ అది ఒక మనిషి చావుకి విలువ కట్టకపోవడం గురించిన బాధ.

2016 అక్టోబరులో వచ్చిన ‘ఫ్లాష్‌పాయింట్’ అనే కథ సంగతీ ఇందులోంచే చూడాలి. తండ్రిని విలన్ జూమ్ చంపేశాక బ్యారీ తట్టుకోలేక వెనక్కి వెళ్ళి తల్లిని కాపాడేస్తాడు. మూడు నెలలు అమ్మానాన్నలతో ఉంటాడు. పాత జీవితం జ్ఞాపకాలు ఒక్కొక్కటే పోతుంటాయి. చివరికి తాను బంధించిన థాన్ దగ్గరికే వెళ్ళి, మా అమ్మని మళ్ళీ చంపమని వేడుకోవాలి. టీవీలో ఇంతకన్నా భయంకరమైన ఖర్చు నేను చూడలేదు. కానీ దాన్ని ఒక్క ఎపిసోడ్‌లో ముగించేశారు. అభిమానులు నెలల తరబడి ఎదురుచూసిన కథ అది, కనీసం నాలుగు ఎపిసోడ్లు నడపాల్సింది. ఇది మాత్రం కచ్చితంగా రచనలో తప్పే.

ఆ తర్వాతి ఎపిసోడ్‌లో, ఇంకో లోకపు ఫ్లాష్ అయిన జే గారిక్ కాఫీ కప్పు సీన్ ఆ తప్పుని కొంత కప్పేసింది. పరిగెత్తుతున్న బ్యారీని ఆపి, 1998లో ఒక హోటల్లో కూర్చోబెట్టి, జే కప్పు పగలగొడతాడు. ముక్కలు అతికిస్తావు, కప్పు నిలబడుతుంది, కానీ గీతలు పోవు, ఇంక అది అదే కప్పు కాదు అంటాడు. ఆ గీతలు ఏమిటో మనకి చూపించారు కూడా. సిస్కో అన్న డాంటే చనిపోయి ఉంటాడు. జోడు సిరీస్ ‘యారో’లోని డిగిల్‌కి కూతురు ఉండాల్సిన చోట కొడుకు ఉంటాడు, కూతురు ఉండేదని ఆ తండ్రికి తెలియను కూడా తెలియదు. సిస్కో బ్యారీతో సరిగ్గా మాట్లాడటానికి చాలా ఎపిసోడ్లు పట్టింది. అలా పట్టాలి కూడా.

మూడో సీజన్ విలన్ సావిటార్ గుట్టు మీద ఇప్పటికీ గొడవ పడేవాళ్ళున్నారు. బ్యారీ తయారుచేసిన నకలే సావిటార్, ఆ సావిటార్ వల్లే బ్యారీ నకలు తయారుచేయాల్సి వచ్చింది, ఏది ముందు? దీనికి జవాబు వెతకడం అనవసరం. చుట్ట చుట్టుకున్న తాడుకి కొస వెతుకుతున్నట్టే. తన వాళ్ళే “నువ్వు అసలువాడివి కావు” అని గెంటేసిన బ్యారీ అతను, నాకది చాలు. అయిదో సీజన్‌లో బ్యారీ, ఐరిస్‌ల కూతురు నోరా ఆ తల్లిదండ్రుల చేతుల్లోనే చెరిగిపోవడం కూడా ఇంతే బరువైనది. ఆ తర్వాతి సీజన్లలో కొత్త ఫోర్స్‌లు, కొత్త నియమాలు ఎక్కువై, చెరపడం చవకైపోయింది. వాటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు.

కానీ మీరు మధ్యలో ఆపేసి ఉంటే చివరి సీజన్ మాత్రం చూడండి. 2023లో తొమ్మిదో సీజన్ ఆఖరి నాలుగు ఎపిసోడ్లలో ఎడ్డీ తిరిగి వస్తాడు. తాను చనిపోయానని, ఆ తర్వాత ఐరిస్, బ్యారీ ఇల్లూ సంసారంతో నిండుగా బతికారని తెలుసుకుని రగిలిపోతాడు. కోబాల్ట్ బ్లూ అనే విలన్ అవుతాడు. అతని కోపం నాకు కొత్తగా అనిపించలేదు, ఎనిమిదేళ్ళుగా నేను మోసినదే. రచయితలకి కూడా ఆ బాకీ గుర్తుందని అప్పుడు తెలిసింది. తీర్చిన విధానం తొందరపాటుగా ఉంది, అయినా అడిగారు, అదే నాకు ముఖ్యం.

2024 ఏప్రిల్ 25న బావ నాకు ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. హుద్‌హుద్ రాత్రుల్లో గీసిన ఆ పేజీ. ఒక మూల మైనం చుక్క పడి కాగితం పారదర్శకంగా అయిపోయింది, బాణాలన్నీ ఆ తేదీ దగ్గర ఆగిపోయాయి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర కలిసినప్పుడు పుస్తకం కూడా తెచ్చాడు. పెన్ను అడిగి తీసుకుని, పై గీతకీ కింది గీతకీ మధ్య ఖాళీలో ‘ఎడ్డీ’ అని రాశాను. బావ ఈసారి వాదించలేదు.