మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కుంటే

ప్రశ్న: మాది కర్నూలు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులం. బాబుకి పన్నెండేళ్లు, ఏడో తరగతి. స్కూలు నుంచి మూడున్నరకి వస్తాడు, మేం ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. అప్పటిదాకా మా అత్తగారే చూసుకుంటారు. మావారి పాత ఫోన్‌లో వాడు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల గేమ్ ఆడతాడు. ఆ గేమ్‌లో వస్తువులు కొనుక్కునే డైమండ్స్ కోసం అత్తగారి ఖాతాలోంచి 4,870 రూపాయలు ఖర్చుపెట్టాడని పది రోజుల కిందట బయటపడింది. మావారు ఆట మధ్యలోనే ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశారు. ఆ గొడవలో వాడు నానమ్మని తోసేశాడు. రెండు రోజులు సరిగ్గా తినలేదు కూడా. ‘ఇక గేమ్ అన్న మాట ఇంట్లో వినపడకూడదు’ అంటున్నారాయన. ఆయన మాత్రం రాత్రి పదకొండు దాటాక అలాంటిదే బీజీఎంఐ అనే గేమ్ ఆడతారు. వాడికి ఇది వ్యసనమైపోయిందా? పూర్తిగా మాన్పించాలా?

జవాబు: వ్యసనం అన్న మాట అప్పుడే అనకండి, ముఖ్యంగా వాడి ఎదుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. కానీ ఆట మీద అదుపు తప్పడం, తిండీ చదువూ స్నేహాల కంటే ఆటే ముందుకి రావడం, నష్టం కళ్లకి కనిపిస్తున్నా మానలేకపోవడం, ఈ మూడూ కలిసి మామూలుగా ఏడాదిపాటు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. రెండు రోజుల అలక దాని కిందికి రాదు.

మీ ఇంట్లో మూడు సంగతులు ఒకదానికొకటి ముడిపడిపోయాయి: సమయం, డబ్బు, మూడున్నర నుంచి ఏడున్నర దాకా ఖాళీగా పడి ఉన్న నాలుగు గంటలు. మీవారు మూడింటికీ ఒకే తాళం వేశారు. బీరువా తాళం.

ముందు గొడవ ఎక్కడ రేగిందో చూడండి. ఫ్రీ ఫైర్‌లో బ్యాటిల్ రాయల్ మ్యాచ్, అంటే చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే ఆట, సుమారు పది నిమిషాలు. మీవారు ఆడే బీజీఎంఐలో పెద్ద మ్యాప్ అయితే అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఆపి, తర్వాత అక్కడి నుంచే అందుకునే వీలు రెండింట్లోనూ లేదు. నలుగురి స్క్వాడ్‌లో ఒకడు సగంలో పోతే మిగతా ముగ్గురూ ఓడే అవకాశం ఎక్కువ, వాడి ర్యాంకు పడిపోతుంది, మర్నాడు బస్సులో మాట పడాల్సింది వాడే. కాబట్టి ‘ఐదు నిమిషాల్లో ఆపు’ అన్న మాటకి ఆ ఆటలో అర్థం లేదు. ఫుల్ టాస్ వస్తుంటే బ్యాట్ లాక్కున్నట్టే.

అందుకని నిమిషాలు వదిలేసి మ్యాచ్‌లు లెక్కపెట్టండి. స్కూలున్న రోజు మూడు, శని ఆదివారాల్లో ఐదారు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య వేచి ఉండటంతో కలిపి మూడు మ్యాచ్‌లకి ముప్పావుగంట పోతుంది. మూడోది మొదలయ్యేటప్పుడే ‘ఇది ఆఖరిది నాన్నా’ అని ఒక్కసారి చెప్పండి. ఆట అయ్యాక తెర మళ్లీ లాబీకి, అంటే కొత్త మ్యాచ్ మొదలుపెట్టే చోటికి, వస్తుంది. స్టార్ట్ బటన్ మెరుస్తుంటుంది, ఇయర్‌ఫోన్లో ‘ఇంకోటి రా బ్రో’ అంటుంటారు. ఫోన్ తీసుకోవాల్సింది ఆ పది సెకన్లలోనే. అరవకుండా చెయ్యి చాపండి. వాడి వేలు బటన్ మీద పడిందంటే మీకింకో పావుగంట పోయినట్టే.

ఈ కాపలా మీ అత్తగారి మీద పెట్టకండి. పెద్దావిడ లాక్కోలేదు, వాడు ఇవ్వడు, చివరికి తోపులాటే. ఆ పని ఫోన్ సెట్టింగులకి అప్పగించండి. పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపు చేసే యాప్ గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. అయితే చాలా ఇళ్లలో అది పనిచేయకపోవడానికి కారణం ఒక్కటే, పాత ఫోన్‌లో నాన్నగారి గూగుల్ ఖాతానే ఉండిపోతుంది. దాని మీద అదుపు పెట్టడం కుదరదు. బాబు పేరున, అసలు పుట్టినతేదీతో ఖాతా తెరిచి, ఫోన్ రీసెట్ చేసి, ఆ ఖాతాతోనే మొదలుపెట్టాలి. అందులో మూడు చాలు: గేమ్‌కి యాప్ లిమిట్, రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఫోన్‌కి తాళం వేసే డౌన్‌టైమ్, ప్రతి కొనుగోలుకీ మీ అనుమతి. లిమిట్ సరిగ్గా నలభై ఐదు నిమిషాలకి పెడితే అది మ్యాచ్ మధ్యలోనే తలుపు మూసేస్తుంది, పాత గొడవే తిరిగొస్తుంది. గంటకి పెట్టండి. లెక్క మ్యాచ్‌లదే, గంట అనేది బయటి కంచె.

ఇక డబ్బు. దొంగతనం చేశాడనే ముందు, నానమ్మ యూపీఐ పిన్ వాడికెలా తెలిసిందో కనుక్కోండి. చాలా ఇళ్లలో రీఛార్జ్ చేయమని నానమ్మే చెప్పి ఉంటుంది. పాత ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో హిస్టరీ చూడండి. మొత్తం ఒక్కరోజే పోయిందా, ఎనభై, నూటయాభై చొప్పున నెలంతా పోయిందా? రెండోదైతే స్పిన్‌ల మోజు. చక్రం తిప్పితే గన్ స్కిన్, అంటే తుపాకీకి కొత్త రూపు, వస్తుందో రాదో తెలియదు, ‘ఈసారి తప్పకుండా’ అనిపించేలా కట్టిన ఏర్పాటది. పన్నెండేళ్లవాడితో కూర్చుని ఆ లెక్క వేయిస్తే, తిట్టినదానికంటే బాగా ఎక్కుతుంది: ఎంత పోసాడు, చేతికేం వచ్చింది.

ఆ డబ్బు వెనక్కొస్తుందని పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ప్లే స్టోర్‌లో వాపసు అడగాలంటే మామూలుగా 48 గంటల గడువు, అది దాటాక గేమ్ కంపెనీని అడగడమే. మోసం జరిగిందని బ్యాంకుకి మాత్రం ఫిర్యాదు చేయకండి, పిన్ కొట్టింది ఇంట్లోవాడే కదా. అత్తగారి యూపీఐ పిన్ మార్చండి. యూపీఐ లైట్ ఉంటే తీసేయండి, అందులో చిన్న మొత్తాలు పిన్ అడగకుండానే పోతాయి. తనంతట తానే డబ్బు పోయే ఆటోపే ఏమైనా మిగిలిందేమో చూసి రద్దు చేయండి. ప్లే స్టోర్‌లో కొనుగోలుకి వేలిముద్ర పెట్టి ఉండి, ఆ ఫోన్‌లో వాడి వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటే ఆ తాళం ఉండీ లేనట్టే.

4,870 మొత్తం వాడితో కట్టించడం కుదిరే పని కాదు. ఉగాదికో సంక్రాంతికో తాతగారు చేతిలో పెట్టే డబ్బులోంచి ఓ వెయ్యి నానమ్మకి వాడి చేత్తోనే ఇప్పించండి. తోసినందుకు క్షమాపణ వేరే సంగతి, దాన్ని ఫోన్ తిరిగివ్వడంతో ముడిపెట్టకండి. ముడిపెడితే అది బేరమవుతుంది.

మీవారు ‘ఇది బ్యాన్ అయిన గేమ్ కదా’ అనొచ్చు. 2022 ఫిబ్రవరిలో నిషేధించింది ఫ్రీ ఫైర్‌ని. మ్యాక్స్ ప్లే స్టోర్‌లో కొనసాగింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటివాటిని ఆపిన 2025 చట్టం కూడా దీన్ని తాకదు. ఆయన బీజీఎంఐ సంగతి నేను చెప్పేదేముంది, వాడు గోడవతల నుంచి వింటూనే ఉంటాడు. ఆదివారం ఆయన వాడి పక్కన కూర్చుని రెండు మ్యాచ్‌లు చూస్తే మంచిది. మైక్‌లో ఎవరు మాట్లాడుతున్నారో, ఏం బూతులు వస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. కొత్తవాళ్లతో వాయిస్ చాట్ ఆపించండి. ‘ఫ్రీ డైమండ్స్’ లింకు నొక్కినా, ఎవరికైనా ఓటీపీ చెప్పినా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మిగిలింది ఆ నాలుగు గంటలు. స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ ఎవరో అడగండి. మీ అపార్ట్‌మెంట్ పిల్లలో, క్లాస్‌మేట్లో అయితే వాళ్ల అమ్మలతో మాట్లాడి అందరికీ ఒకే వేళ పెట్టుకోండి, మీరు ఇల్లు చేరాక ఎనిమిది నుంచి తొమ్మిది అనుకోండి. మీవాడొక్కడే ఆపేస్తే ముగ్గురు పిలుస్తూనే ఉంటారు, నలుగురూ ఆపితే పిలిచేవాడుండడు. స్కూలు నుంచి రాగానే కడుపు నిండా ఏదైనా పెట్టి కిందికి పంపమనండి. కింద క్రికెట్‌కి అసోసియేషన్ ఒప్పుకోకపోతే బ్యాడ్మింటనో సైకిలో. ఫోన్ ఎనిమిదికి ముందు చేతికి రాకూడదు.

ఇవన్నీ రెండు నెలలు నడిపాక కూడా చెయ్యి చేసుకోవడం, స్కూలు ఎగ్గొట్టడం, రాత్రి దొంగచాటుగా ఆడటం ఉంటే ఆలస్యం చేయకండి. కొట్టడం మరీ ఎక్కువైతే రెండు నెలలూ ఆగనక్కర్లేదు. మీరుండే బెంగళూరులోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఉంది, ఇలాంటి సమస్యలకే అక్కడ 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఒక్కటి మర్చిపోకండి. ఫోన్ రీసెట్ చేసే ముందు వాడు గెస్ట్ ఖాతాతో, అంటే ఏ లాగిన్‌కీ కలపకుండా, ఆడుతున్నాడేమో అడగండి. అయితే ముందు ఏదో ఒక లాగిన్‌కి దాన్ని బైండ్ చేసుకోనివ్వండి, అంటే కలుపుకోనివ్వండి. లేదంటే ఇన్నాళ్ల ఆట ఒక్క నొక్కుతో తుడిచిపెట్టుకుపోతుంది, మీరు కావాలనే చేశారనుకుంటాడు.