నాలుగు పేజీల దేవుడు, ఒక్క వాక్యంలో నాన్న

మతాలన్నీ మనుషులు కట్టుకున్నవేనని చదివి తేల్చుకున్నాను. అయినా ఈ సృష్టి వెనక ఏదో శక్తి ఉండొచ్చనిపిస్తుంది. నాది, ప్రకృతే దేవుడన్న డచ్ తత్వవేత్త స్పినోజా దారి. మతంతో పనిలేని దేవుడు హేతువుకు నిలుస్తాడా? ఇంట్లో ఎవరికీ ఇది అర్థం కాదు. ప్రార్థన చేసుకుంటుంటే "ఇది ఎవరికి వినిపిస్తోంది నాన్నా?" అన్నందుకు నాన్నగారు ఎనిమిది నెలలుగా నాతో మాట్లాడటం లేదు. అది వేరే సంగతనుకోండి.
– ఓ పాఠకుడు, 34 ఏళ్లు

'వేరే సంగతి' అని తోసేశారే, నాలుగు పేజీల ఉత్తరంలో నాకు కనిపించిన సంగతి అదొక్కటే.

ముందు మీ ప్రశ్న ముగించేద్దాం. దేవుడున్నాడని గానీ లేడని గానీ వట్టి తర్కంతో రుజువు చేయలేమని జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లోనే రాశాడు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఉండొచ్చని మీరు అనుకోవడానికి నా అనుమతి దేనికి?

ఇక నాన్నగారు. మీరడిగిన మాటలో హేతువెక్కడుందండీ? ఉన్నదంతా వెటకారం. పైగా ఏదో శక్తి ఉందేమోననుకునే మీరే అడగడం!

స్పినోజాని 1656లో, 23 ఏళ్ల వయసులో, ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు, ఆయన రాసింది చదవకూడదు. కటకాలు సానపట్టుకుని బతికాడు గానీ తన ఆలోచన వదులుకోలేదు. అలాంటి మనిషిని ఆయన అద్దెకున్న ఇంటావిడ, "నా మతంలో ఉంటే తరిస్తానా?" అని అడిగిందట. మీ మతం మంచిదే, ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు, భక్తిగా ప్రశాంతంగా బతికితే చాలు అన్నాడని ఆయన జీవితచరిత్ర రాసిన కోలెరస్ చెప్పాడు. మీరు ఆయన దేవుణ్ణి తెచ్చుకున్నారు, మర్యాదని అక్కడే వదిలేశారు.

అలాగని నమ్మకం లేకుండా చేతులు జోడించమనను. నటన నాకు గిట్టదు. తండ్రిని మభ్యపెట్టడం కన్నా ఎదిరించడమే నయం. కానీ ఎదిరింపుకీ ఎగతాళికీ తేడా ఈ వయసులో తెలియదంటే నేనొప్పుకోను.

వెళ్లి క్షమాపణ అడగండి, మీ అభిప్రాయానికి కాదు, ఆ ఒక్క మాటకి. "నేను నమ్మలేను గానీ, అలా అనకుండా ఉండాల్సింది నాన్నా." అంతే. ఆయన వెంటనే పలకకపోవచ్చు. ఎనిమిది నెలల బింకం ఒక్క పూటలో సడలుతుందా? పెద్దాయన మొండితనమూ ఉంది, కాదనను. కానీ నాకు ఉత్తరం రాసింది మీరు. మర్నాడు మళ్లీ వెళ్లి పక్కన కూర్చోండి. కాసేపు స్పినోజా ఊసెత్తకండి.