లైటు పెట్టెలో నీలి ఆకుపచ్చ నాచు పసుపు బారింది, ఎందుకు?

ప్రశ్న: యాసంగి వరికి నీలి ఆకుపచ్చ నాచు సొంతంగా పెంచుకుందామని థర్మోకోల్ పెట్టెలో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు బిగించి, గాజు సీసాల్లో కల్చర్ పెట్టాను. లైటు రాత్రింబవళ్లు వెలుగుతోంది. బాగా పెరగాలని చిటికెడు యూరియా కూడా వేశాను. ఒక సీసాలో నీళ్లు చిలకపచ్చగా మారాయి, మిగతా వాటిలో నాచు పసుపు బారింది. లోపం ఎక్కడ?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: మొదటి లోపం యూరియా. అనాబీనా, నాస్టాక్ వంటి ఈ నాచులు గాలిలోని నత్రజనిని వాటంతట అవే పట్టుకుంటాయి. వరి మళ్లకు నత్రజని చేరడంలో వీటి పాత్రను శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపించారు. గాలిలోని నత్రజనిని పట్టుకోవడానికి ఈ నాచు దారాల్లో ప్రత్యేక కణాలు తయారవుతాయి. నీళ్లలో నత్రజని సిద్ధంగా దొరికితే ఆ కణాలు రావు. పైగా చెరువుల్లో కనిపించే మామూలు ఆకుపచ్చ నాచు ఎగబడి పెరుగుతుంది. మీ చిలకపచ్చ సీసా అదే. దాన్ని పారబోయండి. యూరియా తగలని చోటి మట్టి ఒక చెంచా, చిటికెడు సూపర్ ఫాస్ఫేట్ వేస్తే చాలు. కుళాయి నీళ్లయితే వెడల్పాటి బకెట్లో ఒక రాత్రి నిలవ ఉంచి వాడండి, క్లోరిన్ పోతుంది.

పసుపు రంగుకు చలి, వెలుతురు రెండూ కారణమే అనుకుంటున్నాను. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గానీ పెట్టెను పెద్దగా వేడెక్కించదు. డిసెంబరు రాత్రుల చలిలో నాచు ఎదుగుదల ఆగిపోతుంది. అలా ముడుచుకున్న నాచు మీద 24 గంటలూ లైటు పడితే రంగు వెలిసిపోతుంది. రోజుకు 12 నుంచి 14 గంటలు చాలు, టైమర్ పెట్టండి. లైటును సీసాలకు జానెడు పైన ఉంచండి.

వేడి కోసం మామూలు బల్బు పెడదామనుకుంటారేమో, థర్మోకోల్‌లో వద్దే వద్దు. కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. నేనైతే చేపల తొట్టెల దుకాణంలో దొరికే హీటర్ కొంటాను. టబ్బులో నీళ్లు పోసి, హీటర్‌ను 28 డిగ్రీలకు పెట్టి, సీసాలను మెడ వరకు అందులో నిలబెట్టండి. హీటర్ ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయడం మరవకండి. సీసాలను గట్టిగా మూయకుండా పలుచని గుడ్డ కట్టి, రోజూ ఒకసారి ఊపండి. దుర్వాసన వస్తే ఆ సీసా పోయినట్టే.

ఇంకో మాట. ఈ పెట్టెలో తయారయ్యేది విత్తనమే, ఎరువు కాదు. ఎండ పడే చోట రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున గుంత తీసి పాలిథిన్ పరచండి. 10 కిలోల మట్టి, 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు నింపి, ఈ కల్చర్ పోయండి. రెండు మూడు వారాల్లో నాచు తెట్టె కడుతుంది. దాన్ని ఎండనిచ్చి గీకి తీయండి. చలికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు, టెన్షన్ పడకండి. నాటిన వారం పది రోజులకు ఎకరాకు 4 కిలోలు చల్లి, మడిలో పలుచగా నీరు నిలపండి. దీంతో యూరియా పూర్తిగా మానేయకండి. ఎకరాకు 10 కిలోల వరకు నత్రజని దీని నుంచి వస్తుందని లెక్క వేసుకుని, ఆ మేరకే తగ్గించండి.