మీరడిగారు: రీబూట్ చేస్తే పాత కథ ఏమవ్వాలి?

ప్రశ్న: 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే అంతరిక్ష కథ కొత్త సిరీస్ అంటే నాకు ప్రాణం. ఈమధ్య 1978 నాటి ఒరిజినల్ చూస్తే పేర్లు తప్ప దాదాపు ఏదీ కలవలేదు. స్టార్‌బక్ అనే పైలట్ అందులో మగవాడు, సైలాన్లనే శత్రు రోబోలను తయారుచేసింది కూడా మనుషులు కాదు. పాతదాన్ని ప్రేమించినవాళ్లను ఇలా పక్కన పెట్టేయడం అన్యాయం కాదా? పాతికేళ్ల తర్వాత ఏమైందో చెబుతూ అదే కథ కొనసాగించొచ్చు కదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అన్యాయమని నేననుకోను. అలాగని పాత అభిమానుల బాధ కొట్టిపారేసేదీ కాదు. అమెరికాలో ఏబీసీ చానెల్‌లో ఒక్క సీజన్ నడిచి ఆగిపోయిన సిరీస్ అది, 24 ఎపిసోడ్లు. 1980లో ఇంకో పది ఎపిసోడ్ల కొనసాగింపు వచ్చింది గానీ చాలామంది అభిమానులు దాన్ని లెక్కలోకే తీసుకోరు. 1978 సిరీస్‌లో అపోలోగా వేసిన రిచర్డ్ హ్యాచ్ ఆ కథ ముందుకు సాగాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు, నవలలు రాశారు, సొంత డబ్బు పెట్టి ఒక ట్రైలర్ కూడా తీశారు. అంత చేశాక వేరేవాళ్లు వచ్చి అంతా మొదటి నుంచి మొదలుపెడుతున్నారంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అయినా కొత్త సిరీస్ తీసిన రొనాల్డ్ డి. మూర్ 2003లో చేసిందే సరైన పని అంటాను. ఎందుకంటే పాత సిరీస్‌లో సైలాన్ల దాడిలో పన్నెండు గ్రహాలు బూడిదైపోయాయి, మనుషుల్లో మిగిలింది కాసినిమంది, కానీ మొదటి కథ పూర్తయ్యేలోపే వాళ్లలో కొందరు ఒక గ్రహం మీద క్యాసినోలో జూదం ఆడుతూ కనిపిస్తారు. అంత పెద్ద చావు జరిగిందన్న బరువు ఆ కథలో ఎక్కడా నిలవదు. పాతికేళ్ల తర్వాత నుంచి కొనసాగిస్తే ఆ రోజు ఎప్పుడో గతంలో కలిసిపోయి ఉంటుంది, మూర్ చెప్పాలనుకున్నదేమో సరిగ్గా ఆ రోజు గురించీ దాని మర్నాటి గురించీ. కొత్త సిరీస్ మొదటి ఎపిసోడ్ గుర్తుందా? ప్రతి 33 నిమిషాలకూ సైలాన్లు వచ్చి పడుతుంటారు, ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు, ప్రెసిడెంట్ రోజ్లిన్ బతికున్నవాళ్ల సంఖ్యని బోర్డు మీద రాసుకుంటూ, ఓడలు పోయిన కొద్దీ చెరిపి తగ్గిస్తూ ఉంటుంది, చివర్లో ఎక్కడో ఓ బిడ్డ పుట్టిందని తెలిసి ఒకటి కలుపుతుంది. క్యాసినో కథకి కొనసాగింపుగా ఈ సీన్ రాయడం ఎవరి వల్లా కాదు.

సైలాన్ల సంగతీ అంతే. పాతదాంట్లో వాటిని పుట్టించింది ఓ బల్లిజాతి, అంటే శత్రువు పూర్తిగా బయటివాడు. కొత్తదాంట్లో మనమే చేశాం, మన మీదే తిరగబడ్డాయి. దాడికి ముందే గెలాక్టికా ఓడ కమాండర్ అడామా తన వీడ్కోలు ప్రసంగంలో, అసలు మనం బతకడానికి అర్హులమా అని ఎప్పుడైనా అడుక్కున్నామా అంటాడు. శత్రువు బయటి నుంచి వచ్చినవాడైతే ఆ మాటకి అర్థమే లేదు. స్టార్‌బక్‌ని అమ్మాయిని చేసినందుకే ఎక్కువ గొడవ జరిగింది గానీ, నా దృష్టిలో అది చిన్న మార్పు, పెద్దది ఇదే.

హ్యాచ్ విషయం ఇంకొకటి చెప్పాలి. ఆయన చివరికి కొత్త సిరీస్‌లో టామ్ జారెక్ అనే తిరుగుబాటుదారుగా నటించారు. మొదటి సీజన్‌లోనే ఖైదీల ఓడలో ఆయన, కొత్త అపోలో ఎదురెదురుగా నిలబడి వాదించుకునే సీన్ ఉంది. పాత సిరీస్ తెలిసి చూస్తే ఆ సీన్ రెండింతలు పండుతుంది, తెలియకపోయినా ఏ లోటూ లేదు. పాతవాళ్లకి గౌరవం ఇవ్వడమంటే నాకు తెలిసి ఇదే.

ప్రశ్న: అయితే కంటిన్యుటీ, అంటే పాత కథనే కొనసాగించడం అన్నది ఉత్త బరువేనా? కొత్తగా చూసేవాళ్లని భయపెట్టడం తప్ప దానివల్ల ఏం లాభం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ, అలా అస్సలు అనను. 'డాక్టర్ హూ' చూడండి, డాక్టర్ అనే గ్రహాంతరవాసి కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే బ్రిటిష్ సిరీస్. 1963లో మొదలైంది, 1989లో ఆగింది, మధ్యలో 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది, 2005లో రసెల్ టి. డేవిస్ తిరిగి మొదలుపెట్టినప్పుడు పాత కథని ఒక్క ముక్క కూడా కొట్టేయలేదు. కాకపోతే మొదటి రోజే నెత్తిన రుద్దలేదు. లండన్‌లో ఓ షాపులో పనిచేసే రోజ్ అనే అమ్మాయి కళ్లతో కథ మొదలవుతుంది, ఆమెకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుస్తుంది.

మరుసటి సంవత్సరం 'స్కూల్ రీయూనియన్' ఎపిసోడ్‌లో ఒకప్పుడు డాక్టర్‌తో కలిసి ప్రయాణించిన శారా జేన్ స్మిత్ తిరిగొస్తుంది. 1976లో డాక్టర్ ఆమెని ఇంటి దగ్గర దింపుతున్నానని చెప్పి దింపేసి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఒక స్కూలు స్టోర్‌రూమ్‌లో ఆ నీలం డబ్బా, డాక్టర్ కాలయంత్రం టార్డిస్, కనిపించగానే ఆమె వెనక్కి వెనక్కి నడుస్తుంది, తిరిగి చూస్తే డాక్టర్ నిలబడి ఉంటాడు, ముఖం వేరే (చావు దగ్గరపడితే డాక్టర్ కొత్త రూపం ఎత్తుతాడు). నువ్వు చచ్చిపోయావనుకున్నా, నీకోసం ఎదురుచూశా అని నిలదీస్తుంది. వేసింది అదే నటి ఎలిజబెత్ స్లాడెన్, వయసు నిజంగానే మీద పడింది. అప్పుడు దింపింది ఆమె ఊళ్లో కాదు, ఎక్కడో అబర్డీన్‌లో అని కూడా ఈ ఎపిసోడ్‌లోనే బయటపడుతుంది. పాత కథని చెరిపేసి ఉంటే ఆమె ఎవరో అపరిచితురాలు, ఆ కోపానికి కారణమే ఉండదు. గతం ఈ కథకి ప్రాణం, అందుకే ఉంచాలి. గెలాక్టికాకి గతం అడ్డం, అందుకే వదిలారు. అన్నిటికీ ఒకే రూలు పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: 'స్టార్ ట్రెక్' 2009 సినిమాలో టైమ్ ట్రావెల్ పెట్టి పాతదీ ఉంచారు, కొత్తదీ మొదలుపెట్టారు. అందరికీ న్యాయం చేసింది అదే కదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తెలివైన పనే. 2387 నుంచి వెనక్కి వచ్చిన విలన్ నీరో 2233లో కెల్విన్ ఓడని నాశనం చేయడంతో అక్కణ్ణుంచి కథ వేరే దారి పడుతుంది, పాత దారి అలాగే ఉంటుంది, మొదటి సిరీస్ నటుడు లియొనార్డ్ నిమోయ్ పాత స్పాక్‌గా వచ్చి కనబడతాడు. ఆ సినిమా వరకూ నాకు ఇబ్బంది లేదు.

నాకు కోపం తెప్పించింది 2013లో వచ్చిన రెండోది. గతం బరువు వద్దని కొత్త దారి తెరిచినవాళ్లు, మళ్లీ పాత విలన్ ఖాన్‌ని తెచ్చారు, 1982 సినిమాలో స్పాక్ చనిపోయే సీన్‌ని తిరగేసి తీశారు. పాతదాంట్లో అద్దానికి అటు స్పాక్, ఇటు కిర్క్, ఇద్దరి చేతులూ అద్దం మీద. 1966 నుంచి ఆ ఇద్దరి స్నేహం చూస్తూ వచ్చిన జనం థియేటర్లో ఏడ్చారంటే ఏడవరా మరి! 2013లో ఈసారి కిర్క్ చనిపోతాడు, స్పాక్ ఏడుస్తాడు, కానీ వీళ్లిద్దరూ కలిసి మనకి కనిపించింది రెండు సినిమాలే. పైగా కాసేపటికే ఖాన్ రక్తం ఎక్కించి బతికించేస్తారు. పాత స్పాక్ కూడా తిరిగొచ్చాడు, నిజమే, కానీ అందుకు 1984లో ఓ పూర్తి సినిమా ఖర్చయింది. కంటిన్యుటీ తెంచుకుంటే తెంచుకోండి, కానీ అది పదహారేళ్లు కష్టపడి సంపాదించిన కన్నీళ్లని మాత్రం ఉచితంగా వాడుకుంటామంటే ఎలా?

ప్రశ్న: ఇవేవీ చూడలేదు. పాతవి చూడకుండా కొత్తవి అర్థమవుతాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: హాయిగా అర్థమవుతాయి. గెలాక్టికాకి 2003 మినీ సిరీస్‌తో మొదలుపెట్టండి, అది రెండు భాగాలు; దాన్ని వదిలేసి నేరుగా సీజన్ 1కి వెళ్తే మాత్రం ఎవరు ఎందుకు పారిపోతున్నారో తెలియక తికమకపడతారు. 'డాక్టర్ హూ' 2005 నుంచి చూడండి. 'స్టార్ ట్రెక్'లో 2009 సినిమా విడిగా చూసినా ఫర్వాలేదు గానీ, 2013 దాని జోలికి వెళ్లేముందు 1982 నాటిది చూడండి, ఆ రెండింటినీ పొరపాటున కూడా తారుమారు చేయకండి.