బోర్డు మీద ‘ఆర్కిటెక్ట్స్’ అని ఎవరు రాసుకోవచ్చు?

ప్రశ్న: నేను బీటెక్ సివిల్. మున్సిపాలిటీ లైసెన్స్‌తో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. బీఆర్క్ చదివిన మిత్రుడితో కలిసి ఆఫీసు పెట్టి ‘ఆర్కిటెక్ట్స్ అండ్ ఇంజినీర్స్’ అని బోర్డు కట్టాం. ఆర్కిటెక్టుల పేర్లు నమోదు చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు ఆయన రెన్యువల్ ఫీజు కట్టక రెండేళ్లయింది. ఇప్పుడు ఆ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. ప్లాన్లు గీయడం మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. బోర్డు మాత్రం ఇవాళే దింపించండి.

ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972లోని 37వ సెక్షన్ కాపాడేది ‘ఆర్కిటెక్ట్’ అనే హోదాను. నమోదు లేనివాళ్లు భవనాల డిజైన్ చేయకూడదని ఆ సెక్షన్ నిషేధించలేదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వర్సెస్ ముఖేశ్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఈ సంగతే తేల్చింది. నమోదు లేనివారికి ‘ఆర్కిటెక్ట్’ అనే పేరుతో పదవి ఇవ్వడం కూడా కుదరదంది. ప్లాన్ల మీద సంతకం చేసే హక్కు మీకు మున్సిపల్ లైసెన్స్ నుంచి వచ్చింది. ఆ లైసెన్స్ పరిధి దాటనంతవరకు మీ పనికి ఢోకా లేదు.

అసలు చిక్కు మీ మిత్రుడిది. 2వ సెక్షన్ ప్రకారం ప్రస్తుతం కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్నవారే ఆర్కిటెక్ట్. డిగ్రీ ఒక్కటే చాలదు. రెన్యువల్ ఫీజు ఏప్రిల్ 1లోపు కట్టాలి, కట్టకపోతే రిజిస్ట్రార్ పేరు తొలగిస్తారని 27వ సెక్షన్ చెబుతోంది. బకాయి కట్టి పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోమనండి. పేరు తిరిగి ఎక్కేదాకా ఆయన కూడా ‘ఆర్కిటెక్ట్’ అనే మాట వాడకూడదు.

ఎక్కినా పాత బోర్డు మళ్లీ పెట్టకండి. నమోదైన ఆర్కిటెక్టు కాక, ఆ హోదా వాడుకోవడానికి చట్టం ఒప్పుకున్నది ఆర్కిటెక్టుల సంస్థకే. మీరు ఆర్కిటెక్ట్ కాదు కాబట్టి ఉమ్మడి పేరులో ఆ మాట ఉంటే మళ్లీ అదే తగాదా. ఆయన పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని, CA అక్షరాలతో మొదలయ్యే కౌన్సిల్ నమోదు సంఖ్యతో సహా, మీ పేరు పక్కన సివిల్ ఇంజినీర్ అని విడివిడిగా రాయించడం క్షేమం. 1989 నాటి వృత్తి ప్రవర్తనా నిబంధనలు ఆఫీసు బయట ఆర్కిటెక్ట్ పేరు అక్షరాల ఎత్తు 10 సెం.మీ. దాటకూడదన్నాయి, అదీ చూసుకోండి.

బోర్డు తీసి ఊరుకుంటే సరిపోదు. ఎక్కువమంది దొరికిపోయేది డ్రాయింగ్ టైటిల్ బ్లాక్ (షీటు మీద సంస్థ పేరు, వివరాలు ఉండే గడి) దగ్గర. కంప్యూటర్లో పాత టెంప్లేట్ అలాగే ఉండిపోయి, నోటీసు తర్వాత తేదీతో కూడా అదే పేరుతో షీట్లు వెళ్తుంటాయి. రబ్బరు స్టాంపు, బిల్లు పుస్తకం, విజిటింగ్ కార్డు, వాట్సాప్ ప్రొఫైల్ అన్నీ మార్చండి. ఇప్పటికే మంజూరైన ప్లాన్లను మాత్రం దిద్దొద్దు, పాత తేదీలు వేయొద్దు.

నోటీసులో ఇచ్చిన గడువులోపే జవాబు పంపండి: హోదా వాడకం ఆపాం, ఇంజినీర్‌గా నా పని కొనసాగుతుంది, బోర్డు తీసిన ఫొటోలు జతచేశాం, అంతే. ‘పార్ట్‌నర్ ఆర్కిటెక్టే కదా’ అని వాదిస్తే, నమోదు లేని రెండేళ్లూ ఆ పేరు వాడినట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. 39వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతోనో, కౌన్సిల్ అధికారమిచ్చిన వ్యక్తి ద్వారానో ఫిర్యాదు వస్తేనే కోర్టు కేసు స్వీకరిస్తుంది. అంటే పోటీ సంస్థవాళ్లు నేరుగా ఈ కేసు వేయలేరు. కానీ మీకు నోటీసిచ్చింది కౌన్సిలే.

1972లో పెట్టిన శిక్ష మొదటిసారి 500 రూపాయల వరకు జరిమానా, మళ్లీ చేస్తే ఆరు నెలల వరకు జైలు. జరిమానా చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. ఆర్కిటెక్ట్ అనుకుని ఫీజు ఇచ్చిన ఇంటి యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఆ బోర్డు ఫొటోయే మీకు వ్యతిరేక సాక్ష్యం. నడుస్తున్న పనుల యజమానులకు మీ అసలు అర్హత ఏమిటో ఇప్పుడే లిఖితపూర్వకంగా తెలపండి.