అవధి లెక్కల్లో తొందరపడకు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన అవధి లెక్కలు చూశాను; అవధి అంటే x దేనికైనా చేరువయ్యేకొద్దీ సమాసం విలువ చేరువయ్యే సంఖ్య. x అనంతం వైపు పోతుందంటే చాలు, లవం పరిమాణాన్నీ (అందులో x కున్న అత్యధిక ఘాతాన్నీ) హారం పరిమాణాన్నీ పోల్చి జవాబు రాసేస్తున్నావు. చాలావరకు ఒప్పే. కానీ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా వాడితే, ప్రశ్న కాస్త మారగానే చేయి ఆగిపోతుంది.

బీచ్ రోడ్డులో ముంత మసాలా బండి ఉందనుకో. అద్దె, గ్యాసు కలిపి రోజుకు 600 రూపాయలు, ఒక్కో ముంతకు సరుకు 12 రూపాయలు. x ముంతలు అమ్మితే సగటు ఖర్చు (600 + 12x)/x. నూరు అమ్మితే 18, ఆరువందలకు 13, ఆరువేలకు 12.10. లవహారాలను x తో భాగిస్తే 600/x + 12 వస్తుంది. x పెరిగేకొద్దీ మొదటి పదం సున్నాకు చేరువవుతుంది. y = 12 అనంతస్పర్శరేఖ, అంటే వక్రం దూరంగా పోయేకొద్దీ చేరువయ్యే సరళరేఖ. నువ్వు బట్టీపట్టిన సూత్రమంతా ఈ భాగహారమే. ∞/∞ అని రాసి 1 అని తేల్చేయకు. 1655లో జాన్ వాలిస్ వాడుకలోకి తెచ్చిన ఆ గుర్తు ఒక సంఖ్య కాదు, కొట్టివేతలకు లొంగదు.

వక్రం అనంతస్పర్శరేఖను ఎప్పుడూ తాకదని కూడా రాశావు. అది తీసేయి. x/(x² + 1) వక్రం y = 0 రేఖను మూలబిందువు దగ్గర దాటుతుంది.

ఇక ఎక్కువ మార్కులు పోయేది నిలువు అనంతస్పర్శరేఖల దగ్గర. (3x² − 5x + 2)/(x² − 1) తీసుకో. హారం సున్నా అయ్యేది 1, −1 దగ్గర కాబట్టి రెండు రేఖలు రాసేశావు. ముందు కారణాంకాలు విడదీయాలి తల్లీ! లవం (3x − 2)(x − 1). x − 1 రెండుచోట్లా ఉంది కనుక x = 1 దగ్గర అవధి 1/2; అక్కడ వక్రంలో ఒక్క బిందువు లోపిస్తుంది, అంతే. మిగిలింది (3x − 2)/(x + 1). x = −1 ఒక్కటే నిలువు రేఖ. దానికి కుడిపక్కన −0.99 వద్ద విలువ −497, ఎడమపక్కన −1.01 వద్ద 503. ఒకవైపు −∞, మరోవైపు +∞. అందుకే కుడి అవధి, ఎడమ అవధి విడివిడిగా రాయాలి. దూరంగా పోతే రెండు కొసలూ y = 3 కే చేరువవుతాయి.

వర్గమూలం ఉంటే మాత్రం రెండు కొసలూ ఒకటి కాకపోవచ్చు: √(x² + 1)/x కుడివైపు 1, ఎడమవైపు −1.

ఆదివారం గాజువాక నుంచి వచ్చేటప్పుడు (x² + 1)/(x − 1) గ్రాఫు పెన్సిలుతో గీసి తీసుకురా. ముందు భాగహారం చెయ్యి: భాగఫలం x + 1, శేషం 2. y = x + 1 అనే ఏటవాలు రేఖకు వక్రం ఏ కొసన పైన ఉంటుందో, ఏ కొసన కింద ఉంటుందో 2/(x − 1) గుర్తును బట్టి రాయి.

మీ పెదనాన్న